ముక్కు ఆనించిన చోట

పెద్దాయన భార్య ఏ పక్షినీ చంపలేదు. ఇందులో రెండో మాట లేదు. నాలుగేళ్ల కిందట చనిపోయిన సారసం పిల్ల కడుపులో ఉన్నది ఆవిడ కోటు గుండీ అని రాసిన రిపోర్టు అబద్ధం. రాసినవాడు తెలిసి రాశాడా, తెలియక రాశాడా అన్నది పెద్దాయనకు అనవసరం. రాశాడు. ఆవిడ చదివింది. ఏడాది తిరక్కుండా పోయింది. ఆస్పత్రి వాళ్లు దానికి ఊపిరితిత్తుల జబ్బని పేరు పెట్టారు. పెట్టుకోనీ.

ఆ కోటుకు అప్పట్లో ఒక గుండీ లేని మాట నిజమే. ఆవిడ పోయిన నెలకు కోటు ఎవరికైనా ఇచ్చేద్దామని దులిపితే, చిరిగిన జేబులోంచి అస్తరులోకి జారిపోయిన గుండీ చేతికి తగిలింది. పెద్దాయన దాన్ని తీసుకెళ్లి డైరెక్టరు బల్ల మీద పెట్టాడు. డైరెక్టరు అటూ ఇటూ తిప్పి చూసి, గుండీలన్నీ ఒకేలా ఉంటాయి కదండీ అన్నాడు. ఆ రోజు నుంచి గుండీ పెద్దాయన చొక్కా జేబులో ఉంది. రిపోర్టు ఆఫీసు బీరువా పై అరలో ఉంది. బీరువా తాళం డైరెక్టరు దగ్గర ఉంది.

పోయిన వారం మనం నీలాన్ని తూకం బల్ల మీద వదిలి వచ్చాం. నీలం అంటే కాలికి నీలం పట్టీ ఉన్న పిల్ల. దాంతోపాటు పసుపు, ఎరుపు, తెలుపు, నలుపు, ఆకుపచ్చ. మొత్తం ఆరు. అడవిలో ఈ జాతి రెండు వందలకు దిగిపోయింది. చిత్తడి నేలలు ఎండిపోయి కొన్ని, కరెంటు తీగలకు తగిలి కొన్ని, బూజు పట్టిన గింజలు తిని కొన్ని రాలిపోయాయి. మిగిలినవాటికి తోడుగా ఏటా ఈ కేంద్రంలో పెంచిన పిల్లల్ని వదులుతారు. ఈ ఏడు ఆరింటినీ వదలడానికి ఇంకా తొమ్మిది రోజులుంది.

అలాంటిది నీలం మూడు రోజులుగా తిండి ముట్టలేదు. నడిస్తే తూలింది. రెట్ట ఆకుపచ్చగా పడింది. అంటురోగమేమోనని అందరూ హడలిపోయారు. పరీక్షలన్నీ చూసి అంటు కాదని డాక్టరమ్మ తేల్చింది. ఎక్స్‌రే తీస్తే కందనకాయలో తెల్లగా, గుండ్రంగా, మధ్యలో బెజ్జంతో ఒక లోహపు ముక్క కనిపించింది. అది చూసి డైరెక్టరు, "మళ్లీ గుండీయేనా?" అన్నాడు. కథ ఆగింది ఆ మాట దగ్గరే.

నీలం తిండి మానడానికి మూడు రోజుల ముందు ఇంకో చిన్న సంగతి జరిగింది. ఆవరణలో తిండి తొట్టి పక్కన ఏదో తళుక్కుమనడం పెద్దాయన చూశాడు. లోపల మాట్లాడకూడదు కాబట్టి రెండో కాపరికి సైగ చేసి చూపించాడు. ఆమె వచ్చి వంగేసరికి అక్కడ ఏమీ లేదు. నీటి చుక్క అనుకున్నారు. మరిచిపోయారు.

ఇక ఈ ఉదయం.

డైరెక్టరు ఒక కాగితం టైపు చేయించి ఎక్స్‌రే గదిలోకి తెచ్చాడు. కూర్చోకుండానే చదివాడు. నాలుగేళ్లలో రెండు పక్షులు కాపరుల దుస్తుల నుంచి పడిన లోహం మింగాయి కాబట్టి ముసుగు పద్ధతి ఆపేయాలి. ఉన్న ఆరు పిల్లల్నీ సందర్శకుల ఆవరణకు మార్చాలి. మధ్యాహ్నం పన్నెండుకు సంతకం పెట్టి పైకి పంపుతానన్నాడు.

సందర్శకుల ఆవరణకు మారిన సారసం మళ్లీ అడవి మొహం చూడదు. మనుషులకు అలవాటు పడుతుంది. పిల్లలు చిప్స్ విసురుతారు. వాళ్ల నాన్నలు దాన్ని కొంగ అంటారు. లోటు లేకుండా ముప్పై ఏళ్లు బతుకుతుంది, గోడకు తగిలించిన బొమ్మలాగా.

డైరెక్టరు చెడ్డవాడు కాడు. పెద్దాయన దృష్టిలో అతని అసలు తప్పు అదే. చెడ్డవాడైతే తిట్టి ఊరుకోవచ్చు. ఇతను చచ్చిన ప్రతి పక్షికీ నిద్ర మానుకున్నవాడు. భయపడి రాస్తాడు, రాసింది నమ్ముతాడు.

పెద్దాయన గోడకు ఆనుకుని నిలబడి అంతా విన్నాడు. విని, "పక్క నుంచి ఇంకో ఎక్స్‌రే తియ్యమ్మా," అన్నాడు.

డాక్టరమ్మ కూడా అదే అనుకుంటోంది. చేరి ఎనిమిది నెలలైంది. వయసు ముప్పై దాటలేదు, చెయ్యి మాత్రం కుదురు. రెండు వైపుల నుంచీ తీయనిదే ఏ ముక్క ఏమిటో చెప్పకూడదని చదువుకున్న చోట నేర్పారట. నిన్న నీలం మరీ నీరసంగా ఉండటంతో రెండోసారి పట్టడానికి జంకింది. సారసాన్ని పట్టడం కోడిని పట్టడం లాంటిది కాదు. బెదిరి పెనుగులాడితే కండరాలు చెడిపోయి, పట్టి వదిలిన రెండు రోజులకు కూలబడి చస్తుంది.

"మీరు పడతానంటే తీస్తాను బాబాయ్," అంది.

"పట్టకపోతే ఇక్కడెందుకున్నాను?"

పెద్దాయనను వెనకాల చేదుమాత్ర అంటారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. మాత్ర పనిచేస్తే చాలు, తియ్యగా ఎందుకుండాలి అనేది ఆయన లెక్క.

ముసుగుల గదికి వెళ్లాడు. అక్కడ రెండో కాపరి అప్పటికే ఆయన ముసుగు దులిపి పట్టుకుని నిలబడింది. ఆమెను అందరూ రేడియో అంటారు. రోజుకు ఆరు గంటలు నోరు మూసుకుని చేసే ఉద్యోగంలో దేవుడు ఆమెను ఎందుకు పడేశాడో ఎవరికీ అర్థం కాదు. ఆవరణలోంచి బయటికి వచ్చి ముసుగు తీసిందంటే ఆరు గంటల మాటలూ ఒక్కసారిగా కట్ట తెంచుకుంటాయి.

ముసుగు అంటే తల నుంచి మోకాళ్ల దాకా దిగే తెల్లని అంగీ. మొహానికి వల గుడ్డ. కుడి చేతికి గుడ్డతో కుట్టిన సారసం తల, దానికి కర్ర ముక్కు. గుడ్డులోంచి వచ్చిన రోజు నుంచి పిల్ల చూసేది ఆ తలనే, నమ్మేది ఆ ముక్కునే. మనిషి మొహం చూడకూడదు, మనిషి గొంతు వినకూడదు. మనిషి మంచివాడని నేర్చుకున్న పక్షి మనిషి దగ్గరికే పోయి చస్తుంది. అందుకని ఆవరణలో ఒక్క మాట కూడా పనికిరాదు. తుమ్ము వస్తే మోచేతిలో కుక్కుకోవాలి.

ఈ ముసుగులన్నీ కుట్టింది ఆయన భార్య. ఎక్కడా గుండీ లేదు, జిప్పు లేదు, పిన్నీసు లేదు. అన్నిటికీ నాడాలే. నాడా కొసలు కూడా దారంతో బిగించింది, రేకు వేయలేదు. అలాంటి మనిషి ముసుగు కింద తొడుక్కున్న కోటు గుండీ పడేసిందన్నారు.

"అన్నా, ఆ కాగితం మీద సంతకం పెడితే నేను వంటపనికి పోతాను," అంది రేడియో వెనక నాడా కడుతూ.

"నీ వంట తిని ఇంకో నలుగురు పోతారు. ఊరికే ఉండు."

మందునీళ్ల తొట్టిలో బూట్లు ముంచి లోపలికి వెళ్లాడు. నీలం విడిగదిలో ఒంటికాలి మీద నిలబడలేక గడ్డి మీద కూర్చుని ఉంది. ఆయన పక్కనే మోకాళ్ల మీద కూర్చున్నాడు. చేతి తలతో దాని మెడ మీద ఈకలు రెండుసార్లు సర్దాడు. ఎడమ చేయి రెక్కల మీదుగా వేసి ఒంటికి హత్తుకున్నాడు, రెండు కాళ్లూ మడిచి కిందినుంచి పట్టాడు, రేడియో నల్లగుడ్డ టోపీ తొడిగింది. చీకటి పడగానే పిల్ల మెత్తబడింది. ఆయన చంకలో దాని గుండె టకటకా కొట్టుకోవడం తెలుస్తూనే ఉంది. పట్టడానికి, తీసుకెళ్లడానికి, పక్కకు తిప్పి పడుకోబెట్టి తీయడానికి అంతా కలిపి నాలుగు నిమిషాలు. గదిలో డైరెక్టరు ఊపిరి కూడా బిగబట్టే నిలబడ్డాడు.

పిల్లను వెనక్కి పంపి, ముసుగు మొహం మీంచి తీసి, పెద్దాయన తెర ముందుకు వచ్చాడు.

పైనుంచి చూస్తే గుండ్రం. పక్క నుంచి చూస్తే మూడు చుట్లు. ఒకదాని మీద ఒకటి పేర్చిన స్ప్రింగు లాంటి చుట్లు, చివర ఒక చిన్న కొస బయటికి పొడుచుకుని ఉంది.

"ఇది తీగ," అంది డాక్టరమ్మ. "మెలి తిప్పి కోసిన తీగ ముక్క."

కంచె జాలీని స్తంభానికి కట్టేటప్పుడు తీగను మూడు చుట్లు తిప్పి మిగిలింది కోసేస్తారు. దాన్ని పనివాళ్లు మెలిక అంటారు. తీగ మీద జింకు పూత ఉంటుంది. ఆ పూత కందనకాయలో అరిగి రక్తంలో కలిస్తే విషం. నీలం తూలడానికి అదీ కారణం.

పెద్దాయన జేబులోంచి గుండీ తీసి బల్ల మీద పెట్టాడు. 

ఆ పాత ఎక్స్‌రే ఫిల్ము కావాలని డాక్టరమ్మ అడిగింది. డైరెక్టరు ప్యూనును పిలవలేదు. తనే వెళ్లాడు, తనే బీరువా తీశాడు, దుమ్ము పట్టిన కవరు తనే తెచ్చాడు. ఫిల్మును కిటికీ వెలుగుకు ఎత్తి పట్టాడు. అప్పట్లో పాత డాక్టరు పైనుంచి ఒక్కటే తీశాడు. మూడు వారాల తర్వాత పిల్ల చనిపోయి కోస్తే, కందనకాయలోని రాళ్ల మధ్య నలిగి నలిగి అరిగిపోయిన బిళ్ల ఒకటి దొరికింది. ఫిల్ములో గుండ్రం, చేతిలో బిళ్ల, ఆవిడ కోటుకు గుండీ లేదు. మూడూ కలిపి రాసేశారు.

ఇప్పుడు ఆ గుండ్రం అంచున వెంట్రుకవాసి కొస ఒకటి అందరికీ కనిపించింది. తెర మీది దానికి ఉన్నట్టే.

రేడియో గుమ్మంలో నిలబడి ఉంది. ఆమెను ఎవరూ అడగలేదు.

"గుండీకి తోక ఉంటుందా సార్?" అంది.

డైరెక్టరు కుర్చీలో కూర్చున్నాడు. ఉదయం నుంచి కూర్చోవడం అదే మొదలు.

నాలుగేళ్లుగా పెద్దాయన ఈ గడియ ఎలా ఉంటుందా అని అనుకుంటూనే ఉన్నాడు. అరవాలనుకున్నాడు. బల్ల గుద్దాలనుకున్నాడు. తీరా వచ్చాక ఆయనకు కాళ్లు నొప్పిగా ఉన్నాయని మాత్రం తెలిసింది.

 తప్పు తనదేనని డైరెక్టరు ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, ఒక ప్రశ్న వేశాడు. తీగ ముక్క నేల మీద పడింది సరే, దాన్ని పిల్ల ఎందుకు మింగుతుంది? మెరిసే దేన్నయినా పొడుస్తాయి కదా అని డాక్టరమ్మ అంది.

"అడవి పిల్లలు పొడుస్తాయేమో. మనవి పొడవవు," అన్నాడు పెద్దాయన. ఆ మాట అంటుంటే ఆయన గొంతులో గర్వం వినిపించింది. "నా చేతిలో పెరిగిన పిల్ల తనంతట తాను కొత్తది దేన్నీ నోట పెట్టదు. మన ముక్కు ఆనిస్తేనే తింటుంది. ముక్కు ఎక్కడ ఆనిందో అక్కడిదే తిండి. మొదటి రోజు నుంచీ అదే నేర్పాం..."

వాక్యం పూర్తి కాలేదు.

ఆ రోజు తళుక్కుమన్నది తొట్టి పక్కన. ఆయన ముసుగులో ఉన్నాడు. మాట్లాడకూడదు. రేడియోకు చూపించాలి. కుడి చేయి చాచాడు. ముక్కుతో నేల మీద రెండుసార్లు కొట్టాడు, ఇదిగో చూడు అన్నట్టు. పక్కన నీలం పట్టీ కాలు ఒకటి అడుగేసింది. రేడియో వంగేసరికి అక్కడ ఏమీ లేదు.

నీటి చుక్క కాదు.

గుమ్మంలో రేడియో కూడా ఆయన వైపే చూస్తోంది. ఆమె నోరు తెరిచి, మూసుకుంది. ముసుగు లేకుండా ఆమె మాట మింగడం ఈ కేంద్రంలో ఎవరూ చూడలేదు.

డాక్టరమ్మకు ఇవేవీ తెలియవు. అరగంటలో మత్తు పెట్టి ముక్క బయటికి లాగుతానంది. తీగ లోపల ఇనుమే కాబట్టి అయస్కాంతానికి అంటుకుంటుంది. అంతలో తీగ మేస్త్రిని పిలిపించి ఎక్కడెక్కడ మెలికలు కోశాడో కనుక్కోమని డైరెక్టరు అన్నాడు. ఎనిమిది రోజుల కిందట గాలివానకు పడిన మూల కంచె అతనే బాగుచేశాడు. పేగుల్లో పురుగు పడకుండా రెండో ఆవరణను ఖాళీగా ఎండబెడుతున్నారు, పిల్లల్ని అక్కడికి మార్చే వీల్లేదు. అందుకని పిల్లల మధ్యే, ముసుగు వేసుకునే, పని కానిచ్చాడు.

తీగ మేస్త్రి పెద్దాయన బావమరిది. ఆవిడకు ఒక్కగానొక్క తమ్ముడు.

అతను ఆఫీసుకు వెళ్లలేదు. నేరుగా ముసుగుల గదికి వచ్చాడు. పెద్దాయన అక్కడ బెంచీ మీద కూర్చుని, పొద్దున రేడియో కట్టిన నాడా విప్పి మళ్లీ కడుతున్నాడు. కట్టిందాంట్లో తప్పేమీ లేదు. చేతులకు పని కావాలి.

బావమరిది తలుపు దగ్గరగా వేశాడు. చేతిలో ఉన్న, తీగ కోసే కటింగ్ ప్లేయరు జేబులో పెట్టుకోబోయి, పెట్టుకోలేక, బెంచీ మీద పెట్టాడు.

"బావా. ఎక్స్‌రే సంగతి విన్నాను. అప్పటిదీ తీగే అని తేలిందటగా."

"తేలింది."

"ఆ రోజు ఆవరణలో అక్కతో ఉన్నది నేనే."

పెద్దాయన నాడా ముడి వేస్తూనే ఉన్నాడు.

బావమరిది చెప్పుకుపోయాడు. అప్పుడు కూడా మూల కంచె పనే. కోసిన మెలిక ఒకటి చేతిలోంచి జారి గడ్డిలో పడింది. అతను చూసుకోలేదు. అక్క చూసింది. ముసుగులో ఉంది, పిలవలేదు. దగ్గరికి వచ్చి, ఇదిగో తియ్యరా అన్నట్టు ముక్కుతో నేల మీద కొట్టింది. అతని చేతులకు మందపాటి తొడుగులున్నాయి, వంగి వెతికేసరికి ఆలస్యమైంది. పిల్ల ఒకటి అక్క చంక కిందినుంచి తల దూర్చింది.

"అక్క చెయ్యి వెనక్కి లాక్కునేలోపలే మింగేసింది బావా."

"అప్పుడు అరిచిందా?"

"లేదు. ముసుగులో ఉందిగా."

పెద్దాయన తల ఊపాడు. అవును. ఆవిడ అరవదు.

బయటికి వచ్చాక ఆవిడ తమ్ముణ్ణి ఒక్క మాట మాట్లాడనివ్వలేదట. పిల్ల ఏదో లోహం మింగిందని తనే వెళ్లి డాక్టరుకు చెప్పింది. తీగ అని చెబితే తమ్ముడి ఉద్యోగం పోతుంది, అప్పటికి అతను చేరి మూడు నెలలు. ఫిల్ములో గుండ్రంగా కనిపించి వాళ్లంతట వాళ్లే గుండీ అంటే, అనుకోనీరా అంది. ముక్క ఏదైతేనేం, తినిపించింది నా చెయ్యే కదా అంది.

"నాకెందుకు చెప్పలేదు?"



"నేను చెబుతానన్నాను. వద్దంది. మీ బావ ఎవర్నీ క్షమించడు, ఆయనకు అది చేతకాదు, నిన్ను జన్మలో గడప తొక్కనివ్వడు అంది. అంతేకాదు. నన్ను కూడా అని..." అక్కడ ఆగాడు.

మిగతాది చెప్పనక్కర్లేదు. పెద్దాయనకు వినపడింది.

ఆవిడ దాదాపు ఏడాది పాటు ఒకే గదిలో, ఆయన కంచం ఎదురుగా, రిపోర్టును, డైరెక్టరును, పాత డాక్టరును ఆయన తిడుతుంటే వింటూ కూర్చుంది. మెల్లగా, ఇక పోనివ్వండి అనేది. ఆవిడది మెతకతనం అనుకున్నాడు ఆయన. దానికి కూడా కోప్పడ్డాడు.

బెంచీ మీద ప్లేయరు ఉంది. గోడకు పది ముసుగులు వేలాడుతున్నాయి, ఆవిడ కుట్టినవి. పెద్దాయన చాలాసేపు వాటికేసి చూశాడు. చూసి, బావమరిదిని క్షమించలేదు. ఎలా క్షమించాలో ఆయనకు ఇప్పటికీ తెలియదు. తెలిసిన పని ఒకటే ఉంది. అది అడిగాడు.

"ఈసారి ఎన్ని పోయాయి?"

"ఏంటి బావా?"

"మెలికలు. కోసినవి లెక్కపెడతావా, లేదా?"

లెక్కపెడతాడు. ఆ పిల్ల పోయినప్పటి నుంచీ ప్రతి మెలికా లెక్కపెట్టి డబ్బాలో వేస్తాడు. ఎనిమిది రోజుల కిందట పద్నాలుగు కోశాడు. సాయంత్రం డబ్బాలో పన్నెండే ఉన్నాయి. కర్రకు అయస్కాంతం కట్టుకుని కంచె వెంట నాలుగు రోజులు వెతికాడు. భయపడి ఎవరికీ చెప్పలేదు.

"రెండు," అన్నాడు బావమరిది.

నీలం కడుపులో ఒకటి.

పెద్దాయన లేచాడు. "నడు," అన్నాడు.

ముందు నీలం. మత్తు పెట్టి బల్ల మీద పడుకోబెట్టారు. డాక్టరమ్మ దాని గొంతులోకి మెత్తని గొట్టం దింపింది, కొసకు శనగగింజంత అయస్కాంతం. మెడ తిన్నగా ఎత్తి పట్టుకోమంది. పెద్దాయన పట్టుకున్నాడు. మొదటిసారి ఇసుక రేణువులు వచ్చాయి. రెండోసారి ఏమీ రాలేదు. డాక్టరమ్మ గొట్టం తుడుచుకుని, తొందరేం లేదు, ఊపిరి బాగానే ఆడుతోంది అని తనకు తానే చెప్పుకున్నట్టు అని, మూడోసారి దింపింది. వేళ్ల మధ్య గొట్టం తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆగింది.

"తగిలింది బాబాయ్."

లాగింది. పళ్లెంలో టింగుమని పడింది. నల్లబడిన తీగ, మూడు చుట్లు, ఒక కొస. పూత సగమే అరిగింది. మిగిలిన విషాన్ని పట్టి లాగే ఇంజెక్షన్లు పది రోజులు పొడిస్తే పిల్ల లేచి తిరుగుతుందని డాక్టరమ్మ చెప్పింది. మిగతావాటితో పాటు ఎగరలేకపోయినా, రెండు వారాలు వెనకగా ఎగురుతుంది. ఆ మాటలో ఆమెకు అనుమానం లేదు. పెద్దాయనకూ లేదు.

పన్నెండుకు పది నిమిషాలుంది. ఆయన పళ్లెం పట్టుకుని డైరెక్టరు గదికి వెళ్లాడు. వెనకాల బావమరిది, డాక్టరమ్మ, పిలవకపోయినా రేడియో.

"దీన్ని పిల్లకు తినిపించింది నేను," అన్నాడు పెద్దాయన. "తొట్టి పక్కన కనిపిస్తే ఈమెకు చూపించడానికి ముక్కు ఆనించాను. తిండి అని నేర్పిన ముక్కుతోనే ప్రమాదం చూపించాను. ఇన్నేళ్ల నుంచీ అందరం అలాగే చూపిస్తున్నాం. ఎవరికీ తట్టలేదు."



"ముసుగుది తప్పు కాదు. సైగది తప్పు. ఇవాళ్టి నుంచి లోపల ఏదైనా చూపించాలంటే కుడి చెయ్యి వీపు వెనక్కి పోవాలి, ఎడమ చెయ్యి పైకి లేవాలి. ముక్కు నేలకు ఆనేది తిండికే. కంచె పనికి మెలికలు లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసుకోవాలి. ఇంకో మెలిక దొరకలేదు. మిగతా అయిదింటికీ ఇప్పుడే ఎక్స్‌రే తీయాలి. నేను పడతాను. ఆ తర్వాత నన్ను ఉంచుతారో తీసేస్తారో మీ ఇష్టం."

డైరెక్టరు టైపు చేసిన కాగితాన్ని నిలువుగా మడిచాడు, అడ్డంగా మడిచాడు, సొరుగులో పడేశాడు. పాత రిపోర్టు ముందుకు లాక్కున్నాడు. గుండీ అన్న చోట గీత కొట్టి, పైన తీగ మెలిక అని రాశాడు. పక్కన సంతకం పెట్టి తేదీ వేశాడు. కలం మూత పెట్టబోతూ ఆగాడు.

"మరి అప్పుడు? ఆ పిల్లకు ముక్కు ఎవరు ఆనించినట్టు?"

గోడ పక్కన నిలబడ్డ బావమరిది ముందుకు కదిలాడు. నోరు తెరవబోయాడు. పెద్దాయన అతని వైపు తిరగలేదు, ఎడమ చెయ్యి మాత్రం కొంచెం పైకి లేపాడు.

"రిపోర్టులో ఆ గడి లేదు," అన్నాడు.

డైరెక్టరు ఆయన మొహం చూశాడు. కలం మూత పెట్టేశాడు.

ముసుగుల గదిలో రేడియో మళ్లీ వెనక నాడా కట్టింది. తలుపులో కంటి ఎత్తున ఒక కన్నం ఉంది, లోపలికి వెళ్లే ముందు పిల్లలు ఎక్కడున్నాయో చూసుకోవడానికి. పెద్దాయన కన్ను ఆనించాడు. ఎండ బాగా పడుతోంది. ఎరుపు, తెలుపు నీళ్లలో దిగి ఉన్నాయి. నలుపు రెక్కలు విప్పి గంతులేస్తోంది. ఆకుపచ్చ దాని వెనకే పరుగెత్తుతోంది. ఈ వేళకు అన్నిటికన్నా ముందు తలుపు దగ్గరికి వచ్చి కాచుకుని ఉండేది పసుపు. తిండిపోతు.

పసుపు తలుపు దగ్గర లేదు. మూల కంచె పక్కన ఒంటరిగా నిలబడి ఉంది. ఒక అడుగు వేసింది. తూలింది. ఆగి, మళ్లీ నిలదొక్కుకుంది.

పెద్దాయన కన్నం మీద నుంచి కన్ను తీసి, మందునీళ్లలో బూట్లు ముంచాడు.

రేడియో ఇక ఉండబట్టలేకపోయింది. "అన్నా," అంది, గొంతు బాగా తగ్గించి. "నాలుగేళ్ల కింద... వదిన కూడా ఇలాగేనా?"

ఆయన చేతి తలను తొడుక్కున్నాడు. ముక్కు కిందికి వాలకుండా వీపు వెనక్కి పెట్టుకున్నాడు.

"ఆ సంగతి ఇవాళ మాట్లాడను. రేపూ మాట్లాడను. చచ్చేదాకా మాట్లాడను. నన్ను ఎవరూ అడగొద్దు."

వల గుడ్డ మొహం మీదికి లాక్కుని, తలుపు తోశాడు.